చెప్పినవాడిపై కేసు, చెప్పిన మాటపై మౌనం

ప్రభుత్వోద్యోగి ఒకరు తన కార్యాలయంలోని లోపాన్ని నలుగురిలో బయటపెట్టినప్పుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే. అతను చెప్పింది నిజమా, కాదా? మన రాష్ట్రంలో ఈ ప్రశ్న తప్ప మిగతావన్నీ అడుగుతారు. అతను ఎవరి మనిషి? ఏ పార్టీ? ఏ కులం? ఎవరు చెప్పిస్తే చెప్పాడు? తాగి ఉన్నాడా? మతి స్థిమితంగా ఉన్నదా? ఈ చర్చ ముగిసేసరికి అతని మీద కేసు మిగులుతుంది. అతను చెప్పిన మాట మాత్రం గాలిలో కలిసిపోతుంది. నర్సీపట్నం ప్రభుత్వ వైద్యుడు డాక్టర్ కె. సుధాకర్ విషయంలో జరిగింది ఇదే. ఆయన కన్నుమూసి ఏళ్ళు గడిచాయి. అయినా ఆ ఉదంతాన్ని పల్నాడు పాఠకుల ముందు మళ్ళీ ఉంచుతున్నామంటే కారణం ఉన్నది. ఆ వైద్యుడి వంటి ఉద్యోగులు నిజం చెప్పడం మీదే మన ఆసుపత్రి, మన రేషను, మన ఓటు ఆధారపడి ఉన్నాయి.

ముందు జరిగిన సంగతులు చూద్దాం. డాక్టర్ సుధాకర్ విశాఖ జిల్లా నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఆపరేషను జరిగేటప్పుడు రోగి ముక్కుకు, నోటికి అతి దగ్గరగా నిలబడి పని చేయవలసినది మత్తు డాక్టరే. కరోనా పాకుతున్న 2020 ఏప్రిల్ మొదట్లో ఆయన విలేకరుల ముందు ఒక మాట అన్నారు. ఎన్-95 మాస్కులు చాలడం లేదని, ఒక్క మాస్కునే పదిహేను రోజులు వాడుకోమంటున్నారని, వైద్యుల ప్రాణాలకు రక్షణ లేదని ఆ మాటల సారాంశం. రోజులు తిరగకముందే ఆయనను సస్పెండ్ చేశారు. మాస్కులకు కొరత లేదని, ఆయన మాటలు రాజకీయ ప్రేరితమని అధికార పక్షం వాదించింది.

మే 16న విశాఖపట్నం నడిరోడ్డు మీద జరిగినది దేశమంతా చూసింది. చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టిన ఆ డాక్టరును పోలీసులు ఆటోలోకి ఎక్కించారు. మద్యం మత్తులో రోడ్డు మీద అల్లరి చేశాడని, విధుల్లో ఉన్న సిబ్బందికి అడ్డు తగిలాడని పోలీసులు చెప్పారు. చేయి చేసుకున్న కానిస్టేబులును సస్పెండ్ చేశారు. డాక్టరును కింగ్ జార్జి ఆసుపత్రికి, అక్కడి నుంచి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు. ఒక మాజీ శాసనసభ్యురాలు రాసిన లేఖను హైకోర్టు పిటిషనుగా స్వీకరించింది. మేజిస్ట్రేటును ఆసుపత్రికి పంపి డాక్టరు వాంగ్మూలం తీసుకున్నది. ఆయన ఒంటి మీది గాయాల గురించి మేజిస్ట్రేటు చెప్పినదానికి, ప్రభుత్వం ఇచ్చిన నివేదికకు పొంతన కుదరలేదు. మే 22న హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. సి.బి.ఐ. పోలీసుల మీద ఒక కేసు, డాక్టరు మీద మరొక కేసు నమోదు చేసింది. జూన్‌లో ఆయన మానసిక వైద్యశాల నుంచి బయటికి వచ్చారు. కానీ మళ్ళీ కొలువులో చేరి స్థిరపడే భాగ్యం ఆయనకు దక్కలేదు. 2021 మే 21న గుండెపోటుతో మరణించారు.

ఆ రోజుల్లో సాగిన చర్చ ఎలాంటిదో గుర్తు తెచ్చుకోండి. ఒక పక్షానికి ఆయన ప్రతిపక్షం ఆడించిన కీలుబొమ్మ. ఇంకో పక్షానికి ఆయన ఎన్నికల సభల్లో చూపించుకోవడానికి దొరికిన ఆయుధం. దళిత వైద్యుడు కనుక ఇలా చేశారని కొందరు, ఆ మాటను అడ్డం పెట్టుకుంటున్నారని కొందరు వాదించుకున్నారు. నర్సీపట్నం ఆసుపత్రి స్టోరులో ఆ వారం ఎన్ని మాస్కులు వచ్చాయి, ఎవరికి ఎన్ని ఇచ్చారు, రిజిస్టరులో ఏం రాశారు అన్నది మాత్రం ఆ చర్చలో ఎక్కడా ముందుకు రాలేదు. ఒక గుమస్తా ఒక పూటలో తేల్చగలిగిన విషయం అది. దానిని వదిలేసి ఒక మనిషి శీలాన్ని నెలల తరబడి తూకం వేశాం.

అసలు కొరత అన్నది ఆ డాక్టరు సృష్టించిన కట్టుకథా? 2020 మే 12న ప్రధాని నరేంద్ర మోదీ జాతినుద్దేశించి మాట్లాడుతూ, కరోనా మొదలైననాటికి మన దేశంలో ఒక్క పి.పి.ఇ. కిట్ కూడా తయారయ్యేది కాదని, ఎన్-95 మాస్కులు నామమాత్రంగానే తయారయ్యేవని, ఇప్పుడు రెండూ రోజుకు రెండేసి లక్షలు తయారవుతున్నాయని చెప్పారు. ఆ మాటకు చప్పట్లు కొట్టాం. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత, దాదాపు అదే మాటను ఒక ఆసుపత్రికి అన్వయించి చెప్పిన డాక్టరు చేతులకు తాడు పడింది. గద్దె మీది నుంచి చెబితే దేశ ప్రగతి, ఆసుపత్రి వరండా నుంచి చెబితే నేరం. ఇదేమి న్యాయం?

విశాఖ మనకు దూరమే గాని ఆ మాస్కు దూరం కాదు. అప్పటికి పల్నాడు గుంటూరు జిల్లాలో భాగం. ఆ ఏప్రిల్, మే నెలల్లో ఆ జిల్లాలో కరోనా తీవ్రంగా పాకిన పట్టణాల్లో నరసరావుపేట ఒకటి. వరవకట్ట వీధులకు కట్టిన గడకర్రలు మన పాఠకులలో చాలామందికి గుర్తే. రంజాన్ నెల అంతా మసీదులకు తాళాలు వేసి, తరావీహ్ ఇళ్ళలోనే చదువుకున్నాం. జబ్బు సోకినవారిని చూసే డాక్టరుకు, సూది వేసే నర్సుకు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు మాస్కు ఉందో లేదో తెలియడం ఆనాడు మనకు ప్రాణావసరం. ఆ నెలల్లోనే మన సమాజమంతా జబ్బును మోసుకు తిరుగుతున్నదన్న పుకార్లు పట్టపగ్గాలు లేకుండా ఊరూరా తిరిగాయి. పుకారు ఎంత దూరమైనా పోయింది. లోపం చెప్పిన డాక్టరు మాత్రం ఇంటికి పోయాడు. పుకారు వల్ల నలిగిన మనకు, నిజం చెప్పినవాడి విలువ ఎవరికన్నా ఎక్కువగా తెలియాలి.

ఇక్కడ ఒక సంగతి నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. మే 16న ఆ రోడ్డు మీద డాక్టరు ప్రవర్తన ఎలా ఉన్నదన్నది వేరే విషయం. తప్పు చేసి ఉంటే దానికి తగిన చట్టం ఉన్నది, కోర్టు ఉన్నది. ఆ తప్పు రుజువైనంత మాత్రాన మాస్కులు ఉన్నట్టు కాదు. మాస్కులు లేవని తేలినంత మాత్రాన రోడ్డు మీద అల్లరి ఒప్పు కాదు. ఈ రెంటినీ ఒకే మూటలో కట్టడమే అసలు మోసం. గుట్టు బయటపడినప్పుడల్లా ఏలినవారు చేసే పని ఇదే. చెప్పినవాడి బతుకులో ఒక మచ్చ వెతుకుతారు. మచ్చ లేని మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఆ మచ్చ చూపించి మాటను మాయం చేస్తారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవారే ఈ పనికి ముందుంటారు.

చెబితే ఇంత కష్టమైతే నోరు మూసుకుని ఉండడమే మేలు అని ఉద్యోగులు అనుకోవచ్చు. మౌనానికి కూడా మూల్యం ఉంటుందని మన పల్నాడే చూపించింది. 2024 మే 13న పోలింగు నాడు మాచర్ల నియోజకవర్గం రెంటచింతల మండలం పాల్వాయి గేటులో, 202వ నంబరు పోలింగ్ కేంద్రంలో ఓటింగ్ యంత్రాన్ని నేలకేసి కొట్టారు. గదిలో ఎన్నికల సిబ్బంది ఉన్నారు, కెమెరా ఉన్నది. అయినా మొదటి ఫిర్యాదులో చేసినవారు గుర్తు తెలియని వ్యక్తులుగానే నమోదయ్యారు. వారం దాటాక కెమెరా దృశ్యాలు బయటికి పొక్కాయి. అప్పటి శాసనసభ్యుడి మీద ఎన్నికల సంఘం చర్యలకు ఆదేశించింది. పోలింగ్ సిబ్బంది సస్పెండయ్యారు. మరోవైపు, ఆ దృశ్యాలను తాము విడుదల చేయలేదని ముఖ్య ఎన్నికల అధికారి ప్రకటించారు. అవి ఎలా బయటికి వచ్చాయన్నది కూడా వివాదమే అయింది.

ఈ రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూడండి. నర్సీపట్నంలో నోరు విప్పిన ఉద్యోగి సస్పెండయ్యాడు. పాల్వాయి గేటులో నోరు విప్పని ఉద్యోగులు సస్పెండయ్యారు. కళ్ళ ముందు యంత్రం పగిలినప్పుడు పేరు చెబితే ఊళ్ళో ఏమవుతుందో, పై అధికారి అండగా నిలుస్తాడో లేదో ఆ సిబ్బందికి తెలియదు. ముందు వరుసలో నిజం చెప్పినవాడి గతి ఏమైందో మాత్రం తెలుసు. ఫలానావాడు చెప్పాడు, ఏమయ్యాడో చూశావుగా అన్న ఒక్క మాట చాలు, వెయ్యి నోళ్ళకు తాళం పడడానికి. ఒకరి మీద పెట్టిన కేసు ఆ ఒక్కరి మీదనే ఆగదని మేము అంటున్నది ఇందుకే.

మరి చట్టం ఏం చేస్తున్నది? జాతీయ రహదారుల పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి లేఖ రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబేను 2003 నవంబరులో గయలో కాల్చి చంపారు. ఆ ఆగ్రహం ఫలితంగా 2004లో కేంద్రం ఒక తీర్మానం తెచ్చి, ఇలాంటి ఫిర్యాదులను కేంద్ర విజిలెన్స్ కమిషన్ తీసుకునేట్టు చేసింది. అది కేంద్ర ప్రభుత్వోద్యోగులకు, కేంద్ర సంస్థలకు సంబంధించినది. రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుకు, వి.ఆర్.ఓ.కు, పంచాయతీ కార్యదర్శికి దానితో పని లేదు. ప్రజావేగుల రక్షణ చట్టం 2014లో పార్లమెంటు ఆమోదం, రాష్ట్రపతి సంతకం పొందింది. కానీ అమలు తేదీని ప్రకటించలేదు. పుస్తకంలో ఉండి కోర్టులో పలకని చట్టం అది. పత్రికలు వాడే ప్రజావేగు అన్న మాటలోనే చూడండి, వేగు అంటే గూఢచారి. తన ఇంటి కప్పు కారుతున్నదని చెప్పినవాడు ఆ ఇంటికి గూఢచారి ఎలా అవుతాడు?

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. చైనాలోని వూహాన్‌లో కంటి డాక్టరు లీ వెన్‌లియాంగ్ కొత్త జబ్బు గురించి తోటి డాక్టర్లను హెచ్చరించినందుకు 2020 జనవరి 3న పోలీసులు పిలిపించి మందలింపు పత్రం మీద సంతకం చేయించారు. అదే జబ్బుతో ఆయన ఫిబ్రవరి 7న మరణించాడు. మార్చిలో పోలీసులు ఆ మందలింపును వెనక్కు తీసుకుని కుటుంబానికి క్షమాపణ చెప్పారు. మన దేశంలోనే, గోరఖ్‌పూర్ వైద్య కళాశాల ఆసుపత్రిలో 2017 ఆగస్టులో ఆక్సిజన్ సరఫరా ఆగి పసిపిల్లలు చనిపోయినప్పుడు, సిలిండర్ల కోసం రాత్రంతా తిరిగిన డాక్టర్ కఫీల్ ఖాన్‌నే జైలులో పెట్టారు. ఏడు నెలలు దాటాక 2018 ఏప్రిల్‌లో బెయిలు దొరికింది. వైద్యంలో నిర్లక్ష్యం ఆయన వల్ల జరగలేదని శాఖాపరమైన విచారణ తేల్చింది. అయినా 2021లో ఉద్యోగం తీసేశారు. సరఫరాదారుకు బకాయిలు పేరుకుపోయిన సంగతి కన్నా ఆ డాక్టరు పేరు మీద జరిగిన చర్చే ఎక్కువ. పేరు చూసి తీర్పు చెప్పడం ఎంత అన్యాయమో గోరఖ్‌పూర్ విషయంలో మనకు నొప్పి తెలిసింది. నర్సీపట్నం విషయంలో పార్టీ చూసి మాట్లాడినవారు మనలో కూడా ఉన్నారు. న్యాయం మనవాడికొకటి, పైవాడికొకటి కాదు కదా.

ఉద్యోగులంతా పత్రికలకెక్కితే పాలన ఎలా నడుస్తుందని కొందరు పెద్దలు అడుగుతున్నారు. ప్రశ్న సమంజసమే. ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు 1964 నుంచి ఉన్నాయి. ఫిర్యాదు ముందు పై అధికారికే చెప్పాలి. రోగి రహస్యాలు, దేశ రక్షణ విషయాలు బజారున పెట్టరాదు. కక్షతో అబద్ధం చెప్పినవాడికి శిక్ష కూడా ఉండాలి. 2014 చట్టం అలాంటివారికి రెండేళ్ళ వరకు జైలు అన్నది. కానీ పై అధికారి మీదే ఫిర్యాదు ఉన్నప్పుడు ఎవరికి చెప్పాలి? సరైన మార్గం అని ఒకటి చూపించకుండా, ఆ మార్గాన రాలేదని శిక్షించడం ఏమి ధర్మం? జనం భయపడతారని నిజాన్ని దాచడం కూడా పనికిరాదు. మాస్కు లేదని తెలిసిన జనం జాగ్రత్త పడతారు. ఉన్నదని నమ్మిన జనం మోసపోతారు.

కనుక మేము కోరేది ఇది. కేంద్రం 2014 చట్టాన్ని వెంటనే అమలులోకి తేవాలి. అంతవరకు ఆగకుండా రాష్ట్ర ప్రభుత్వం, శాఖలకు బయట ఉండే ఒక స్వతంత్ర అధికారిని ఇలాంటి ఫిర్యాదుల కోసం నియమించాలి. ఉద్యోగి చెప్పిన విషయం నిజమో కాదో ఆ అధికారి గడువులోగా రాతపూర్వకంగా తేల్చేదాకా, చెప్పినందుకు సస్పెన్షను గాని క్రిమినల్ కేసు గాని ఉండరాదు. 2020లో డాక్టర్ సుధాకర్ పక్షాన గొంతెత్తినవారే 2024 జూన్‌లో అధికారానికి వచ్చారు. ఆ సానుభూతి ఆయన మీదనా, లేక ఆయనను కట్టిన తాడు ఎదుటి పార్టీ చేతిలో ఉన్నందుకా అన్నది వారు చేతల్లో చూపించాలి.

పాఠకులకు కూడా ఒక మనవి. రేపు గురజాలలోనో మాచర్లలోనో ఒక నర్సు మందులు లేవని చెప్పవచ్చు. ఒక గుమస్తా పింఛన్ల జాబితాలో దొంగ పేర్లున్నాయని చెప్పవచ్చు. ఆనాడు టీ కొట్టు దగ్గర, మసీదు అరుగు మీద ఎవరి మనిషి అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ఆ ప్రశ్నను కాసేపు ఆపి, ముందు స్టోరు రిజిస్టరు తెరిపించమని అడగండి. యథార్థవాది లోకవిరోధి అన్న సామెతను మన ఊళ్ళో నిజం కానివ్వకండి. చెప్పినవాడు మనకు నచ్చకపోవచ్చు. చెప్పిన మాట నిజమైతే, ఆ మాట మనది.