పాత అగ్నిమాపక యంత్రము

1736వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ మిత్రులతో గూడి యూనియన్ ఫైర్ కంపెనీని స్థాపించెను. జీత మాశింపక, ఇల్లు తగులబడినదని వినినంతనే తోలు బాల్చీలతో పరుగెత్తుటకు ఒడంబడినవారే దాని సభ్యులు. అట్టి స్వచ్ఛంద దళములు ఆ దేశమున నేటికిని పెక్కు కలవు. వానిలో కొన్ని తమ పూర్వులు వాడిన చేతిపంపు యంత్రములను బాగుచేయించి కాపాడుకొనుచున్నవి.

ఆ యంత్రమునకు ఇరుప్రక్కల పొడవైన పిడికొయ్యలుండును. మన పెద్దలు తొక్కిన ఏతమువలె ఒకవైపు దిగగా రెండవవైపు లేచును. లోపల రెండు పిస్టనులు మార్చి మార్చి నీటిని నెట్టును. నడుమనున్న అరలో గాలి అణగి, ఆ నీటిని ఎడతెగని ధారగా వెడలగొట్టును. ఎంత చక్కని ఉపాయము!

బాగుచేయుట యనగా క్రొత్తదానివలె మెరిపించుట యని కొందరి తలంపు. అది సరికాదు. ఎండి బీటలువారిన తోలుబిళ్ళలను మార్చవలసినదే, తోలు ఎన్నాళ్ళుండును? కాని ఎందరో పట్టి పట్టి అరిగిన పిడికొయ్యను తీసివేసి నున్నని క్రొత్త కొయ్యను బిగించినచో, ఆ చేతుల జాడ మరి యెక్కడ దొరకును? పాత రంగును గీకివేసినను అంతియే. ఉత్సవమునాడు ఆ యంత్రము నీరు చిమ్మగా చూడవలెనని పిల్లలు కోరుట సహజమే. పాత లోహము ఒత్తిడికి తాళునని పరీక్షించి తెలిసికొనిన పిమ్మటనే దానిని నడపవలెను. తాళనిచో ఊరేగించినంత చాలును.