మా ఆవిడ ఫోన్‌లో మా ఆవిడ ఒక్కతే లేదు

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీమ్‌లో ఓ కుర్రాడు మెల్లగా నా పక్కకి జరిగాడు. పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. "అన్నా, వాట్సాప్ మన లాప్‌టాప్‌లో కూడా కనిపించేలా పెట్టుకుంటే అవతలివాళ్ళకి తెలిసిపోతుందా?" అని అడిగాడు. ఎవరి వాట్సాప్ అని నేనడగలేదు. మొహం చూస్తేనే తెలుస్తోంది.

"తెలుస్తుంది నాయనా. సెట్టింగుల్లో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది, అక్కడ నీ లాప్‌టాప్ కనపడుతుంది" అన్నా. "ఓహో" అని పెరుగన్నంలోకి తల దించుకున్నాడు. అసలు చెప్పాల్సింది మాత్రం క్యాంటీన్‌లో చెప్పలేకపోయా. అది చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి మరి.

నేనూ చూశా. ఒకసారి.

2022 వేసవి. ఆఫీసులు మళ్ళీ తెరిచిన కొత్త. నేను వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి, మా ఆవిడకి ఇంటి నుంచే పని. ఆ రోజుల్లో తను ఫోన్ రాగానే బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకుని మాట్లాడ్డం మొదలెట్టింది. టేబుల్ మీద ఫోన్ బోర్లా పెట్టేది. ఎవరంటే "ఆఫీసు కాల్" అనేది. రెండు మూడుసార్లు గమనిస్తే ఆ టైముకి తనకి మీటింగే లేదు. ఇంక మన బుర్ర ఊరుకుంటుందా? పదేళ్ళుగా ప్రొడక్షన్ సపోర్టులో లాగులు చదివి బతుకుతున్నవాణ్ణి (తొడుక్కునేవి కాదండోయ్, సిస్టమ్ రాసుకునే చిట్టా :)). ఏ రోజు, ఎన్నింటికి, ఎంతసేపు.. అన్నీ మనసులో రాసుకోవడం మొదలెట్టా.

ఒక రాత్రి తను నిద్రపోయాక ఫోన్ తీశా. పాస్‌వర్డు మా పాప పుట్టినరోజు. తనే చెప్పింది ఎప్పుడో, బండి నడుపుతూ దారి చూడమన్నప్పుడు. వాట్సాప్‌లో అన్నిటికంటే పైన, పేరుకి బదులు ఒకే ఒక్క అక్షరం. చివరి మెసేజీ: "రేపు ఒక్కదానివే రా. మీ ఆయనకి చెప్పకు."

కాళ్ళూ చేతులూ ఆడలేదు. వంటింట్లో నేల మీద కూర్చుండిపోయా. విడాకులు, పాప ఎవరి దగ్గరుంటుంది, ఫ్లాటు లోను ఎవరు కడతారు.. పది నిమిషాల్లో అంత దూరం వెళ్ళొచ్చా. తర్వాత పైకి జరుపుతూ మొదటినుంచీ చదివా. అవతలున్నది మగాడు కాదు. మా ఇద్దరికీ బాగా కావలసిన ఒకావిడ. తనకొచ్చిన కష్టం ఇంకెవరికీ చెప్పుకోలేక మా ఆవిడకి చెప్పుకుంది. ఎవరికీ చెప్పనని మా ఆవిడ ఒట్టేసింది. ఆ కష్టమేంటో ఇక్కడ రాయను. రాస్తే అదే తప్పు రెండోసారి చేసినట్టు.

మూడు రోజులు ఓర్చుకుని మా ఆవిడకి చెప్పేశా. అరుస్తుందనుకున్నా. అరవలేదు. "నన్ను అనుమానించావు. సరే, అది మనిద్దరం తేల్చుకుందాం. ఆవిడేం చేసింది నీకు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ సంక్రాంతికి ఆవిడింటికి వెళ్తే, "ఇంకో రెండు గారెలు వెయ్యనా బాబూ" అని అడుగుతుంటే తలెత్తి చూడలేకపోయా. తెలిసినదాన్ని తెలియనట్టు చేసుకోవడానికి మన దగ్గర డిలీట్ బటన్ లేదు కదా.

"తప్పు చెయ్యనప్పుడు దాచుకోవడం ఎందుకు?" అని చాలామంది అంటుంటారు. నేనూ అన్నవాణ్ణే. ఈ మాటలో ఉన్న తప్పు నాకు ఆ రాత్రి అర్థమయింది. ఫోన్ అంటే ఒక్క మనిషి గుట్టు కాదు. ఆ మనిషిని నమ్మి మాట్లాడిన అందరి గుట్టూను. అక్కచెల్లెళ్ళు, స్నేహితులు, ఆఫీసులో ఉద్యోగం మానేద్దామనుకుంటున్న అమ్మాయి. మా ఆవిడ నాకు పాస్‌వర్డు ఇస్తే అది తన అనుమతి. వాళ్ళెవరూ నాకు ఇవ్వలేదే!

రెండోది, మన వృత్తికి సంబంధించింది. లాగు ఏం జరిగిందో చెప్తుంది, ఎందుకు జరిగిందో చెప్పదు. బగ్ ఎక్కడుందో ముందే తీర్మానించుకుని లాగు తెరిచినవాడికి ప్రతి లైనూ దానికి సాక్ష్యంలాగే కనిపిస్తుంది. "మీ ఆయనకి చెప్పకు" అన్న ఒక్క వాక్యంతో నేను పది నిమిషాలు విడాకులు తీసేసుకున్నా. పైకి జరిపే ఓపిక లేకపోయుంటే?

చట్టం సంగతి కూడా చూద్దాం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి తేల్చింది. 2018లో వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే 497వ సెక్షన్ని కొట్టేసింది, విడాకులకు మాత్రం అది ఇప్పటికీ కారణమే. ఇక 2025 జులైలో, విడాకుల కేసులో భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన ఫోన్ సంభాషణను సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. ఇది రాగానే "ఇక రికార్డు చేసుకోవచ్చట" అని మా గ్రూపులో ఒకటే సంబరం. అదే తీర్పులో, ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే చెడిందనడానికి అదే గుర్తని కూడా కోర్టు అంది. ఆ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. కోర్టు సాక్ష్యంగా తీసుకోవడం వేరు, మనం చేసిన పని ఒప్పయిపోవడం వేరు. ఐటీ చట్టంలో 43, 66 సెక్షన్లు అలాగే ఉన్నాయి. అనుమతి లేకుండా, దురుద్దేశంతో ఒకరి ఫోన్‌లోంచి సమాచారం లాగితే మూడేళ్ళదాకా జైలు పడొచ్చు.

నిఘా యాప్‌ల జోలికి అసలే పోవద్దు. స్పైఫోన్ అనే కంపెనీని ఈ వ్యాపారమే చెయ్యకూడదని 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిషేధించింది. వాళ్ళ సర్వర్‌లో ఉన్న జనాల సమాచారం కూడా అంతకుముందే ఎవడో హ్యాకర్ చేతికి పోయింది. పెళ్ళాన్ని అనుమానించి ఆమె ఫోటోలు, మెసేజీలు తీసుకెళ్ళి ముక్కూ మొహం తెలియనివాడి సర్వర్‌లో పెట్టడం.. సెక్యూరిటీ ట్రైనింగులు ఏటేటా పాసయ్యే మనం చెయ్యాల్సిన పనేనా?

"మరి నిజంగానే మోసం చేస్తుంటే?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా పాత కొలీగ్ ఒకావిడకి అలాగే జరిగింది. భర్తని సూటిగా అడిగింది. రెండుసార్లు అబద్ధం చెప్పాడు, మూడోసారి ఒప్పుకున్నాడు. ఫోన్ చూసుంటే ముందే తెలిసేది కదా అంటే, "అబద్ధం చెప్తున్నాడని నాకు మొదటిసారే తెలుసు. దానికి ఫోనెందుకు?" అంది. ఆమె తర్వాత చేసింది లాయర్ని కలవడం. అవసరమైన సాక్ష్యం గురించి ఆ లాయరే చెప్పాడు. అడిగితే కొడతారేమో అని భయముంటే మాత్రం అడక్కండి. ముందు పుట్టింటికో, నమ్మకమైన మనిషి దగ్గరికో వెళ్ళండి.

ఇంకొకటి ఒప్పుకోవాలి. నేను ఫోన్ చూసిన సంగతి విన్న మగ స్నేహితుల్లో ఒక్కడూ నన్ను తప్పు పట్టలేదు. అదే మా ఆవిడ నా ఫోన్ చూసుంటే "అనుమానం మనిషి" అని పేరు పెట్టేవాళ్ళు. మన దగ్గర ఈ పనికి ఆడవాళ్ళకో పేరు, మగవాళ్ళకో పేరు.

ఇప్పుడాలోచిస్తే నేను చెయ్యాల్సింది ఒకే ఒక్క పని. "బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడుతున్నావు, నాకు భయంగా ఉంది" అని చెప్పడం. తను ఏమని ఉండేదో కూడా నాకు తెలుసు. "వేరేవాళ్ళ విషయం, చెప్పకూడదు, నన్ను నమ్ము" అని ఉండేది. నమ్మడమో నమ్మకపోవడమో అప్పుడు నా చేతిలో ఉండేది. ఆ భయం బయటపెట్టడానికి సిగ్గేసి దొంగతనానికి దిగా. భయపడ్డానని ఒప్పుకోవడం కంటే దొంగతనమే తేలికనిపించింది మరి.

మర్నాడే పాస్‌వర్డు మార్చేసింది. కొత్తదేంటో తను చెప్పలేదు, నేనడగలేదు.

రేపు భోజనాల దగ్గర ఆ కుర్రాడికి ఇదంతా చెప్పగలనో లేదో తెలీదు. ఒక్క మాట మాత్రం అడుగుతా. "ఆ అమ్మాయిని అడిగావా?" అని.