గరుడుడికీ ఒక పరకామణి కావాలి

తిరుపతిలో లెక్కలకి కొదవ లేదు. నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారు, ఎంతమంది తలనీలాలు ఇచ్చారు, హుండీ ఎంత వచ్చింది, పొద్దున్నే పేపర్ తెరిస్తే అన్నీ ఉంటాయి. హుండీలో పడ్డ చిల్లర లెక్కపెట్టడానికి పరకామణి అని ఒక పెద్ద ఏర్పాటే ఉంది. అలిపిరి మెట్లెన్ని అంటే 3,550 అని టక్కున చెప్పేవాళ్లు మన హాస్టల్లోనే పదిమంది దొరుకుతారు. 2023లో నడకదారిలో చిరుత ఒక పాపని చంపేశాక, అడవిలో కెమెరాలు పెట్టి చిరుతల జాడ కూడా చూశారు.

అదే మెట్ల మీద నిలబడి తలెత్తితే కనిపించే గద్దలెన్ని? ఆ నంబర్ మాత్రం ఏ పేపర్లోనూ రాదు.

గరుడుడి పేరుకి మన ఊళ్లో లోటు లేదు. అలిపిరిలో అంత పెద్ద విగ్రహం, ఏడుకొండల్లో ఒకటి గరుడాద్రి, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకి ఇసకేస్తే రాలని జనం. మన ఫ్లైఓవర్‌కి కూడా మొదట పెట్టిన పేరు గరుడ వారధే. కానీ పేరు పెట్టినా, దండం పెట్టినా పక్షి బతకదు. లెక్కపెడితేనే, అది తగ్గిపోతోందని మనకి టైముకి తెలుస్తుంది. ఆ పని మనం, అంటే స్టూడెంట్స్, చెయ్యాలని నా అభిప్రాయం.

"మాకు వేరే పనిలేదా?" అనుకుంటున్నారా? రాబందుల సంగతి చూడండి. మన రాయలసీమలోనే లేపాక్షి ఉంది, జటాయువు పడిపోయిన చోటని చెప్పుకుంటాం. అలాంటి దేశంలో తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపు 99.9 శాతం పోయాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందే కారణం. ఆ మందు వాడిన పశువు చస్తే, దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు పాడైపోయాయి. పశువైద్యంలో ఆ మందుని 2006లో నిషేధించారు. ఎంత నష్టం జరిగిందో ఎలా తెలిసింది? 1990ల మొదట్లో కొన్ని రోడ్ల వెంట తిరుగుతూ రాబందుల్ని లెక్కపెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టి. 2000లో మళ్లీ అవే రోడ్లలో తిరిగితే తేడా బయటపడింది. పాత లెక్క లేకపోతే "ముందు చాలా ఉండేవంట" అనే మాటే మిగిలేది. ఆ మాటతో ఏ మందునీ నిషేధించరు.

అమెరికాలోనూ అంతే. పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్ అనే కొండ ఉంది. వలస వెళ్లే డేగల్ని అక్కడ సరదాకి కాల్చేవాళ్లు. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ ఆ కొండని లీజుకి తీసుకుని వేట ఆపించింది. అప్పట్నుంచే లెక్క మొదలైంది. పిల్ల డేగలు తగ్గిపోతున్నాయని చూపించడానికి 1962లో రేచెల్ కార్సన్ ఆ లెక్కల్నే వాడింది. పదేళ్లకి అక్కడ డీడీటీని నిషేధించారు.

మన దగ్గర ఇది వసంతంలో చెయ్యదగ్గ పని. చలికాలం కజకిస్తాన్ వైపు నుంచి పిల్లిగద్దలు మన గడ్డిమైదానాలకి వస్తాయి. నందికొట్కూరు దగ్గర రోళ్లపాడులో రాత్రిళ్లు గుంపుగా గడ్డిలోనే నిద్రపోతాయి. ఉగాది అటూ ఇటుగా మళ్లీ ఉత్తరానికి బయల్దేరతాయి. ఎండకి రాళ్లు వేడెక్కితే గాలి పైకి లేస్తుంది. గద్దలు, డేగలు ఆ గాలిలో గుండ్రంగా తిరుగుతూ, రెక్క కొట్టకుండానే ఎత్తుకి వెళ్లి, అక్కడినుంచి ముందుకి జారతాయి. మన థర్మోడైనమిక్స్ సిలబస్సే, కాకపోతే ల్యాబ్ ఆకాశంలో ఉంది.

పద్ధతి కష్టం కాదు. గుండ్రంగా తిరుగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు, ఒకదాన్నే రెండుసార్లు లెక్కేస్తాం. పైనుంచి విడిపోయి ఒక్కొక్కటే జారిపోయేటప్పుడు లెక్కపెట్టాలి. తిరిగి అదే కొండకి వచ్చేది ఇక్కడిది. ఉత్తరానికి వెళ్లిపోయి తిరిగి రానిది వలసది కావచ్చు. గంటగంటకీ గాలి, మబ్బు, ఎంతమంది చూశారు అన్నీ రాయాలి. ఒక్కటీ కనపడకపోతే సున్నా అని రాయాలి. సున్నా కూడా డేటానే.

"గద్దలు అంతగా కనపడకపోతే?" అనొచ్చు. ఎయిలాత్‌లో లాగా లక్షలు రావాలని రూలేం లేదు. పది వస్తే పది. వచ్చే ఏడు ఆరు వస్తే, అప్పుడు ఆ పదికి విలువ తెలుస్తుంది. "ఏఐ కెమెరా పెడితే అదే లెక్కేస్తుంది కదా" అనేవాళ్లూ ఉంటారు. పెట్టండి, మంచి ప్రాజెక్ట్. కానీ దానికి నేర్పించడానికైనా ముందు ఎవరో ఒకరు కళ్లతో చూసి రాయాలి.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రతి ఆదివారం, పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా, గాలిగోపురం దగ్గర నలుగురు. దారి దిగి అడవిలోకి వెళ్లక్కర్లేదు, వెళ్లకూడదు కూడా, అది జాతీయ పార్కు. కావాల్సింది ఒక బైనాక్యులర్, ఒక నోట్‌బుక్, ఒక టోపీ. లెక్కని ఈబర్డ్‌లో పెడితే మనం పాసై వెళ్లిపోయినా అది ఉంటుంది. అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఒక ఏడాది లెక్కతో ఏమీ తేలదు, జూనియర్లు పదేళ్లు కొనసాగించాలి. ఫెస్ట్‌లు ప్రతి ఏడూ ఆపకుండా నడిపిస్తున్నాం, ఇది నడపలేమా?