బరువు తగ్గితేనే మజా!

కొత్త కారు గురించి మాట మొదలైతే మనం అడిగేవి రెండే. పవర్ ఎంత? స్క్రీన్ ఎంత పెద్దది? 'బరువెంత?' అని అడిగేవాళ్లు చాలా తక్కువ. అసలు కిటుకు మాత్రం అక్కడే ఉంది.

1962లో ఇంగ్లండ్‌లో లోటస్ కంపెనీ 'ఎలాన్' అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చింది. ఇంజన్ దాదాపు 1.6 లీటర్లు, పవర్ 105 హార్స్‌పవర్. ఇంతేనా అనిపిస్తోందా? బరువు కూడా వినండి... సుమారు 680 కిలోలు! 1,300 కిలోల కారుకి అదే ఊపు రావాలంటే 200 హార్స్‌పవర్ కావాలి.

లోటస్‌ని స్థాపించిన కోలిన్ చాప్‌మన్ చదివింది స్ట్రక్చరల్ ఇంజనీరింగ్. ఆయన లాజిక్ సింపుల్. పవర్ పెంచితే తిన్నటి రోడ్డు మీద లాభం. బరువు తగ్గిస్తే మలుపులో లాభం, బ్రేక్ వేసినప్పుడూ లాభమే. అందుకే ఎలాన్‌కి మధ్యలో వెన్నెముకలాంటి స్టీల్ ఛాసిస్, పైన ఫైబర్‌గ్లాస్ బాడీ పెట్టారు. కారు తేలికైతే చిన్న బ్రేకులు, సన్నటి టైర్లు సరిపోతాయి. దాంతో బరువు ఇంకా తగ్గుతుంది. స్టీరింగ్‌కి మోటార్ సాయం అక్కర్లేదు, రోడ్డు ఎలా ఉందో నేరుగా చేతికే తెలుస్తుంది.

1989లో జపాన్ కంపెనీ మాజ్దా ఇదే దారిలో 'ఎంఎక్స్-5' తెచ్చింది. బరువు టన్ను లోపే. గుర్రం, రౌతు ఒక్కటైపోయినట్టు కారు, డ్రైవరు కలిసిపోవాలన్నది వాళ్ల సూత్రం. ఆ పేరుతో ఇప్పటికి పది లక్షలకు పైగా కార్లు అమ్ముడయ్యాయి.

అలాగని పాత ఎలాన్‌ని నెత్తిన పెట్టుకోమనట్లేదు. దాంట్లో ఎయిర్‌బ్యాగులు లేవు, యాక్సిడెంట్ అయితే కాచుకునే ఏర్పాట్లూ అంతంతే. ఇప్పటి కార్ల బరువులో కొంత మన ప్రాణాలు కాపాడేదే. అది ఉండాల్సిందే. మిగతాదాని సంగతేంటి? మసాజ్ సీట్లు, మోటార్‌తో తెరుచుకునే డిక్కీ... ప్రతిదానికీ మోటార్, వైరింగ్, రిపేరు.

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లోనూ ఇదే కథ. కొత్త ఫీచర్ చేరిస్తే చప్పట్లు కొడతారు, పనికిరాని కోడ్ తీసేస్తే ఎవరూ పట్టించుకోరు. నిజానికి ఏం తీసేయాలో తెలియాలంటే, ఏది అవసరమో ముందు తెలిసుండాలి. ఆ పని ఎలాన్ అరవై ఏళ్ల క్రితమే చేసి చూపించింది.

ఈసారి షోరూమ్‌కి వెళ్తే బరువెంతో కూడా అడగండి. సేల్స్‌మన్ బ్రోచర్ తిరగేస్తాడేమో చూడండి!