చార్టులో కనిపించని వరుస

మారేడుమిల్లి నుంచి రైలెక్కాలంటే రంపచోడవరం దాటి, 80 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి రాజమహేంద్రవరం చేరాలి. 2025 జులైలో రైల్వే రిజర్వేషన్ చార్టును నాలుగు గంటలకు బదులు ఎనిమిది గంటల ముందే సిద్ధం చేయడం మొదలుపెట్టింది. కొండల్లోని వారికి ఇది నిజమైన మేలు. బెర్తు లేదన్న సంగతి బయల్దేరకముందే తెలుస్తుంది. కానీ ఆకస్మిక జబ్బులకు, ప్రజాప్రతినిధులకు, రైల్వే ఉద్యోగులకు పక్కనపెట్టే ఎమర్జెన్సీ కోటాలో ఎన్ని బెర్తులు ఏ కారణంతో వెళ్లాయో వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి ఎవరూ చెప్పరు.

రైల్వే ఉద్యోగి పాసును తప్పుపట్టలేం. అది కొలువుతో వచ్చిన హక్కు. అయితే ఉచితంగా ప్రయాణించడం వేరు, వరుసలో ముందు నిలబడటం వేరు. విమానాల్లో స్టాండ్‌బై టికెట్టుతో సొంత పనిమీద వెళ్లే ఉద్యోగి సాధారణంగా డబ్బు కట్టినవారందరి తర్వాత, సీటు మిగిలితేనే ఎక్కుతారు. డ్యూటీకి వెళ్లే సిబ్బంది అవసరం వేరే. దానికీ హద్దుండాలని 2017 ఏప్రిల్‌లో చికాగోలో నలుగురు సిబ్బంది కోసం ఒక వైద్యుణ్ని యునైటెడ్ విమానంలోంచి ఈడ్చేసిన ఘటన చాటింది. ఆకస్మిక జబ్బులకు కోటా ఉండాలన్న వాదన సరైనదే. పేర్లు బయటపెడితే గోప్యత పోతుందన్నదీ నిజమే, పేర్లు అక్కర్లేదు. వైద్యానికి ఇన్ని, ప్రజాప్రతినిధులకు ఇన్ని, ఉద్యోగులకు ఇన్ని అని చార్టు కింద ఒక్క పంక్తి చాలు. సిఫార్సు లేఖ రాసిచ్చేవారు లేని ఏజెన్సీ రోగి ఆ కోటాకు ఎక్కడ, ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలో రాజమహేంద్రవరం స్టేషన్‌లో తెలుగులో రాసి పెట్టాలి.