తీజ్ వీడియోలకు ఏ సాఫ్ట్‌వేర్? చందా డబ్బుల మీద నా మాట



పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. ఈసారి తీజ్ వీడియోలు, పెద్దోళ్ల పాటలు మనమే రికార్డు చేసి మనమే ఎడిట్ చేద్దామని గ్రూపులో అనుకున్నాం కదా. దానికి తలా ఇంత చందా వేసి ప్రీమియర్ ప్రో సబ్‌స్క్రిప్షన్ తీసుకుందామని కొందరు అంటున్నారు. డబ్బులు ఎందుకు దండగ, క్రాక్ వెర్షన్ ఎక్కిస్తే సరిపోతుంది కదప్పా అని ఇంకొందరు. నేనైతే రెండూ వద్దంటాను. ఉచితంగా దొరికే డావిన్సీ రిజాల్వ్ పెట్టుకుందాం. కంప్యూటర్ దాన్ని మోయలేకపోతే కేడెన్‌లైవ్ పెట్టుకుందాం. చందా డబ్బులు ర్యామ్‌కీ, హార్డ్ డిస్కులకీ పెడదాం.

నాది తలుపుల మండలంలో ఒక తండా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. హాస్టల్లో ఉంటాను. లాప్‌టాప్ ఒకటుంటే చుట్టూ నలుగురం కూర్చునే చోట చదువుతున్నాను కాబట్టి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని అడిగే ముందు మన దగ్గర ఏ మిషన్ ఉంది, డబ్బులు అయిపోయిన నెలలో ఏం జరుగుతుంది అని అడగడం నాకు అలవాటు.

ముందు ఈ పని మనకు ఎందుకు ముఖ్యమో చెప్తాను. గోర్ బోలికి సొంత లిపి లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు లేదు. ఎరుకల తమ్ముళ్ల భాష సంగతీ అంతే. అంటే మన అవ్వలు పాడే పాటకు పుస్తకం లేదు. రికార్డు చేసిన వీడియోనే పుస్తకం. ఇప్పుడు ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉంది? తండాలో పెళ్లయినా, పండగయినా టౌన్ నుంచి స్టూడియో వాళ్లు వస్తారు. డీజే పాట కింద అవ్వ గొంతు కనబడకుండా చేసి, గులాబీ పూలు ఎగిరే టైటిల్ వేసి ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెడతారు. అసలు ఫుటేజ్ అడిగితే కార్డు ఖాళీ చేసేశామంటారు. వాళ్లను తిట్టి లాభం లేదు, వాళ్ల పని అది. మన పని మనం నేర్చుకోవాలి.

ఇప్పుడు సబ్‌స్క్రిప్షన్ సంగతి. అడోబీ కంపెనీ 2013 నుంచి ప్రీమియర్ ప్రో కొత్త వెర్షన్లను అద్దె పద్ధతిలోనే ఇస్తోంది. ప్రీమియర్ మంచి సాఫ్ట్‌వేర్, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఎడిటింగ్‌లో రెండు రకాల ఫైళ్లు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. ఒకటి బయటికి వచ్చే వీడియో. రెండోది ప్రాజెక్ట్ ఫైల్, అంటే ఏ క్లిప్ ఎక్కడ కోసినాం, ఏ గొంతు ఎంత పెంచినాం అనే లెక్కల పుస్తకం. అద్దె కట్టడం ఆపిన రోజు వీడియో మన దగ్గరే ఉంటుంది గానీ, ఆ లెక్కల పుస్తకం ప్రీమియర్‌లో తెరుచుకోదు. మన చందాలు ఎట్లా వస్తాయో మనకు తెలుసు. శనక్కాయ పంట వచ్చిన సంవత్సరం వస్తాయి, రాని సంవత్సరం అమ్మానాయన బెంగళూరు పనికి పోతారు. అట్లాంటి డబ్బు మీద నెలనెలా అద్దె పెట్టుకోవద్దు.

క్రాక్ గురించి నీతులు చెప్పను. లెక్క మాత్రం చెప్తాను. క్రాక్ ఎక్కించాలంటే చాలాసార్లు యాంటీవైరస్ ఆపమంటుంది. ఆపిన మిషన్‌లోకి ఏం దూరిందో మనకు కనబడదు. హాస్టల్లో ఒకే పెన్‌డ్రైవ్ పది లాప్‌టాప్‌లు తిరుగుతుంది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బులు అడిగే వైరస్‌లు ఉన్నాయి. సినిమాలు పోతే మళ్లీ దించుకోవచ్చు. ఈ ఏడాది ఉన్న ముసలవ్వ వచ్చే ఏడాది ఉంటుందని ఎవరు చెప్పగలరు?

ఇక రిజాల్వ్. డావిన్సీ ఒకప్పుడు పెద్ద సినిమా ల్యాబుల్లో రంగులు సరిచేసే చాలా ఖరీదైన యంత్రం. ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో ఆ కంపెనీని కొన్నది. తర్వాత ఫ్రీ వెర్షన్ వచ్చింది. కోయడం, రంగు, శబ్దం, గ్రాఫిక్స్ అన్నీ ఒకే దాంట్లో ఉంటాయి. వాటర్‌మార్క్ పడదు, డబ్బు కట్టే వెర్షన్‌కు మాత్రమే ఇచ్చిన ఎఫెక్ట్ వాడితే తప్ప. ఫ్రీలో 4కే, 60 ఫ్రేముల వరకు వీడియో తీసుకోవచ్చు, మనకు అది ఎక్కువే. పెద్ద వెర్షన్ కావాలన్నా నెలనెలా కట్టే పని లేదు, 295 డాలర్లు ఒక్కసారి కడితే చాలు.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. విండోస్‌లో దానికి 16 జీబీ ర్యామ్ ఉండాలంటారు. 8 జీబీ లాప్‌టాప్‌లో తెరుచుకుంటుంది గానీ ఈడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు బలం కూడా కావాలి. లినక్స్ కంప్యూటర్లలో ఫ్రీ వెర్షన్ మన ఫోన్లు తీసే మామూలు ఎంపీ4 వీడియోలను తీసుకోదు. అట్లాంటి చోట కేడెన్‌లైవ్ మేలు. అది పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, పాత మిషన్లలో కూడా నడుస్తుంది. కంపెనీ మనసు మారితే ఆగిపోతుందనే భయం దానికి లేదు.

"ఉద్యోగం కావాలంటే ప్రీమియరే అడుగుతారు కదా" అని ఒక అన్న రాసినాడు. నిజమే. పెళ్లి వీడియోల స్టూడియోల్లో ఎడియస్ కూడా అడుగుతారు. కానీ ఇదొకటి చూడండి. 2011లో ఆపిల్ కంపెనీ ఫైనల్ కట్ ప్రో 7 అమ్మడం ఆపేసి, కొత్తగా ఫైనల్ కట్ ప్రో ఎక్స్ తెచ్చింది. అందులో పాత ప్రాజెక్టులు తెరుచుకోలేదు. చాలామంది ఎడిటర్లు వేరే సాఫ్ట్‌వేర్లకు మారిపోయినారు. కోత తెలిసినవాళ్లు కాబట్టి మారగలిగినారు. బటన్లు మాత్రమే నేర్చుకొని ఉంటే ఏమయ్యేవాళ్లు? ఇంకో విచిత్రం, 2020లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకున్న కొరియా సినిమా పారసైట్‌ను అదే పాత ఫైనల్ కట్ ప్రో 7 మీద ఎడిట్ చేసినారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన ఫ్లో సినిమాను బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేసినారు. సాఫ్ట్‌వేర్ పేరు చూసి ఎవరూ మార్కులు వేయరు.

మారడం అంత కష్టం కూడా కాదు. మనలో చాలామంది ఫోన్‌లో కైన్‌మాస్టర్ వాడినవాళ్లమే. అక్కడ లేయర్ అన్నది ఇక్కడ ట్రాక్. జె, కె, ఎల్ కీలతో వీడియోను వెనక్కి తిప్పడం, ఆపడం, ముందుకు నడపడం, ఐ, ఓ కీలతో మొదలు, చివర గుర్తు పెట్టడం పెద్ద సాఫ్ట్‌వేర్లన్నిటిలో ఒకటే. కోసే కీ మాత్రం మారుతుంది. రిజాల్వ్ సెట్టింగుల్లో ప్రీమియర్ కీబోర్డునే పెట్టుకోవచ్చు. కాబట్టి రేపు ఎవరికైనా ప్రీమియర్ ఉన్న చోట పని దొరికితే వేళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది కొంచెమే.

మొదటి నెలలో మనకు అడ్డం వచ్చేవి ఇవి, ముందే చెప్తున్నా.

ఫోన్ వీడియోలు. చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములు అని ఒకే లెక్కన తీయవు, ఎక్కువ తక్కువ చేస్తాయి. పొడుగు పాట ఎడిట్ చేసేటప్పుడు పెదాలొక చోట, గొంతొక చోట పోతాయి. ముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేముల లెక్క స్థిరంగా ఉండేటట్టు మార్చుకోండి.

లాప్‌టాప్ ఆగి ఆగి ఆడటం. దానికి ప్రాక్సీ అనే ఉపాయం ఉంది. పెద్ద ఫైళ్లకు చిన్న నకళ్లు చేసుకొని వాటి మీద కోస్తాం, చివర్లో వీడియో అసలు ఫైళ్ల నుంచే వస్తుంది. రిజాల్వ్‌లోనూ కేడెన్‌లైవ్‌లోనూ ఇది ఉంది. దీనికి ఖాళీ జాగా కావాలి, అందుకే హార్డ్ డిస్క్ అంటున్నా. లెక్క చూడండి. సెకనుకు 50 మెగాబిట్ల వీడియో అయితే నిమిషానికి 375 ఎంబీ, గంటకు 22 జీబీ పైనే. తీజ్ తొమ్మిది రోజులు. రోజుకు రెండు గంటలు తీసినా 400 జీబీ దాటుతుంది. ప్రతిదీ రెండు కాపీలు, రెండు వేరే ఊర్లలో ఉండాలి.

తెలుగు అక్షరాలు. గోర్ బోలి మాటలను మనం తెలుగు లిపిలోనే రాస్తాం. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా ముందు "స్త్రీ", "లక్ష్మి" అని టైటిల్ రాసి వత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడండి. ప్రీమియర్‌లో కూడా దక్షిణాసియా భాషలకు వేరే సెట్టింగ్ మార్చాలి. అను ఫాంట్లలో కాకుండా యూనికోడ్‌లో టైప్ చేయండి. పాట మాటలను ఎస్ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలుగా దాస్తే అది మామూలు టెక్స్ట్, ఏ సాఫ్ట్‌వేర్ పోయినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. లిపి లేని భాషకు అట్లా ఒక పుస్తకం కూడా తయారవుతుంది.

ఇంకొక మాట. మనకు ఇంగ్లీషు రాదు, మెనూలన్నీ ఇంగ్లీషే అని భయపడేవాళ్ల కోసం ఇది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు చాలా ఏళ్ల కిందటే కెమెరా, ఎడిటింగ్ నేర్చుకొని సినిమాలు తీసినారు. వాళ్లలో చాలామంది బడికి పోనివాళ్లు. వరంగల్ పత్తి రైతుల కష్టం మీద వాళ్లు తీసిన సినిమా దేశం దాటి పోయింది. వాళ్లు షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాట్ పటేల్ షాట్. కళ్లకు కళ్లు సమంగా ఉండే షాట్ సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు. టౌన్ స్టూడియో వాళ్లు స్టేజీ ఎక్కి తీసిన మన పండగ వీడియోలు ఒకసారి తీసి చూడండి, అన్నీ పటేల్ షాట్లే. కింద కూర్చొని పాడే అవ్వ ముందు కింద కూర్చొని తీసేవాడు మన తండా పిల్లోడే అయి ఉండాలి. ఆ షాట్‌ను ఎంతసేపు ఉంచాలో, పాట ఎక్కడ కోయకూడదో ఆ భాష తెలిసినవాడికే తెలుస్తుంది. అది ఏ సబ్‌స్క్రిప్షన్‌లోనూ రాదు.

కాబట్టి నేను అడిగేది మూడు. చందా డబ్బులతో ఒక మిషన్‌కు ర్యామ్ 16 జీబీ చేయిద్దాం, రెండు హార్డ్ డిస్కులు కొందాం. అందరం ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే వెర్షన్ పెట్టుకుందాం, అప్పుడు ఒకరి ప్రాజెక్ట్ ఇంకొకరి దగ్గర తెరుచుకుంటుంది. తీజ్‌కు ముందే ప్రతి తండా నుంచి ఒకరు, అందులో సగం మంది చెల్లెళ్లు, మూడు నిమిషాల పాట ఒకటి ఎడిట్ చేసి గ్రూపులో పెట్టాలి.

ఒప్పుకోనివాళ్లు ఎందుకు ఒప్పుకోరో కింద రాయండి. ముఖ్యంగా స్టూడియోల్లో పని చేసిన అన్నలు రాయండి, మీకు తెలిసినంత మాకు తెలీదు. ఆదివారం లోపల తేల్చుకుంటే డబ్బులు వసూలు చేసే పని నేను చూసుకుంటాను.