ఆ అమ్మాయి ఇంకేం చేసి ఉండాల్సింది?

ఎక్కడ ఏ ఆడపిల్లకి ఏం జరిగినా మనవాళ్ళ నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. "ఆ టైమ్ లో ఆ అమ్మాయికి అక్కడేం పని?" ఆఫీస్ క్యాంటీన్ లో ఇదే, ఇంట్లో టీవీ ముందు ఇదే, వాట్సాప్ గ్రూపుల్లో అయితే చెప్పక్కర్లేదు. కాస్త మంచివాళ్ళు అదే ప్రశ్నని సలహాగా మార్చి చెప్తారు. చీకటి పడ్డాక తిరగొద్దమ్మా, సందుల్లోంచి వెళ్ళకు, ఫోన్ చేతిలో ఉంచుకో, ఏదైనా అయితే పోలీసుల దగ్గరకి పరిగెత్తు...

ఈ లిస్టులో చివరి సలహా దగ్గరే మొత్తం కూలిపోయిన కేసు ఒకటుంది. 2021 మార్చ్ లో, లాక్‌డౌన్ మధ్యలో, లండన్ లో జరిగింది. అప్పట్లో మా ప్రాజెక్టులో సగం మంది లండన్ లో ఉండేవాళ్ళు కాబట్టి రోజూ కాల్ లో పని మొదలయ్యే ముందు ఈ మాటే నడిచేది. తర్వాత ఏళ్ళలో వచ్చిన తీర్పులూ, రిపోర్టులూ కూడా చదువుతూ వచ్చాను. అదంతా ఒక్కచోట పెట్టి చూస్తే మనం వేస్తున్న ప్రశ్న ఎంత తప్పో తెలుస్తుంది. అందుకే రాస్తున్నా.

మార్చ్ 3 రాత్రి 9 గంటల ప్రాంతంలో సారా ఎవరార్డ్ అనే 33 ఏళ్ళ ఆవిడ క్లాపమ్ లో తెలిసినవాళ్ళ ఇంటి నించి బయల్దేరి బ్రిక్స్టన్ లోని తన ఇంటికి నడిచి వెళ్తోంది. అడ్డదారి కాదు, కార్లు తిరిగే మెయిన్ రోడ్డు. దారిలో బాయ్‌ఫ్రెండ్ తో ఫోన్ లో మాట్లాడింది కూడా. మనవాళ్ళ లిస్టులో చాలావరకు ఆవిడ పాటించినట్టే. దారిలో ఒకతను ఆపాడు. పోలీస్ కార్డు చూపించాడు. లాక్‌డౌన్ నిబంధన ఉల్లంఘించావు, అరెస్టు చేస్తున్నా అని బేడీలు వేసి కారెక్కించాడు. కార్లో అటుగా వెళ్తున్న ఒక జంట ఇదంతా చూశారు కూడా. మఫ్టీ లో ఉన్న పోలీసు ఎవర్నో అరెస్టు చేస్తున్నాడనుకున్నారు. ఎవరైనా అదే అనుకుంటారు కదా! వారం తర్వాత కెంట్ లో, ఆష్‌ఫర్డ్ దగ్గర అడవిలో శవం దొరికింది.

ఆ కార్డు దొంగది కాదు. వేన్ కజెన్స్ నిజంగానే మెట్రోపాలిటన్ పోలీసు. అంతకు ముందు జనవరిలోనే కోవిడ్ గస్తీ డ్యూటీ చేసినవాడు, కాబట్టి ఏ మాట చెప్తే జనం ఆగుతారో అతనికి బాగా తెలుసు. ఆ రోజుల్లో ఇంకొకరి ఇంటికి భోజనానికి వెళ్ళడమే నిబంధనలకి విరుద్ధం. అందువల్ల ఆ ఆరోపణకి ఆవిడ మరింత తేలిగ్గా లొంగి ఉంటుందని ప్రాసిక్యూషన్ కోర్టులో చెప్పింది. 2021 సెప్టెంబర్ 30 న అతనికి జీవితాంతం జైలు, విడుదల అన్నది లేకుండా, శిక్ష పడింది.

ఇక రెండో సంగతి. సారా కనపడకుండా పోయిన రోజుల్లో పోలీసులు ఆ ప్రాంతంలో ఇంటింటికీ తిరుగుతూ ఆడవాళ్ళని ఒంటరిగా బయటికి వెళ్ళొద్దని చెప్తున్నారని వార్తలొచ్చాయి. ఈ సలహాకి అక్కడ పాత చరిత్ర ఉంది. 1970ల్లో యార్క్‌షైర్ లో వరుస హత్యలు జరుగుతున్నప్పుడు కూడా ఆడవాళ్ళని రాత్రిళ్ళు ఇంట్లోనే ఉండమన్నారు. హంతకుడు ఎవరో తెలియదు కాబట్టి కర్ఫ్యూ మాకా అని 1977 లో లీడ్స్ ఆడవాళ్ళు రాత్రిపూట ఊరేగింపు తీశారు. 2021 లో నలుగురు ఆడవాళ్ళు "రిక్లెయిమ్ దీజ్ స్ట్రీట్స్" అని పేరు పెట్టి, మార్చ్ 13 సాయంత్రం 6 గంటలకి క్లాపమ్ కామన్ మైదానంలో నివాళి సభ పెడదామనుకున్నారు. దొంగచాటుగా ఏమీ కాదు. వాళ్ళే ముందుగా పోలీసులని సంప్రదించారు, దూరం పాటిస్తూ జాగ్రత్తగా ఎలా చెయ్యాలో మాట్లాడదామన్నారు. వచ్చిన జవాబు - సభ పెడితే ఒక్కొక్కరికీ 10,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. హైకోర్టుకి వెళ్ళారు, మళ్ళీ చర్చలు జరిగాయి, తేలలేదు. చివరికి వాళ్ళే రద్దు చేసుకున్నారు.

జనం మాత్రం వచ్చారు. పగలంతా ప్రశాంతంగా పూలు పెట్టి వెళ్ళారు, కేంబ్రిడ్జ్ డచెస్ కేట్ కూడా వచ్చి వెళ్ళింది. చీకటి పడ్డాక గుంపు పెరిగింది, పోలీసులు కదిలారు. ఆడవాళ్ళని నేలకి అదిమి పట్టి బేడీలు వేస్తున్న ఫోటోలు తెల్లారేసరికి ప్రపంచమంతా తిరిగాయి.

ఒక్కసారి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. లాక్‌డౌన్ నిబంధన పేరు చెప్పి ఒక పోలీసు ఒక మనిషిని ఎత్తుకెళ్ళి చంపాడు. పది రోజులకి అదే నిబంధన పేరు చెప్పి అదే శాఖ, ఆవిడ కోసం ఏడవడానికి వచ్చినవాళ్ళకి బేడీలు వేసింది!

"అదంతా సరే గానీ, కోవిడ్ ఉంది కదా, రూల్ అందరికీ ఒకటే కదా" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2021 వేసవిలో ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఊరంతా ఫోన్లు చేసిన మనకి ఎవరూ కోవిడ్ గురించి చెప్పక్కర్లేదు. ఆ సభ మీద తనిఖీ చేసిన పోలీసు ఇన్‌స్పెక్టరేట్ కూడా 2021 మార్చ్ చివర్లో పోలీసులు సబబుగానే ప్రవర్తించారని తేల్చింది. అయినా నేను ఒప్పుకోను. రెండు కారణాలు.

ఒకటి, ఆ రూల్ లో "సహేతుకమైన కారణం ఉంటే తప్ప" అనే షరతు ఉంది. అంటే అక్కడ ఒక ఇఫ్ కండిషన్ ఉంది. దాన్ని చెక్ చెయ్యకుండా అందరికీ డినై కొట్టేస్తే దాన్ని రూల్ అమలు చెయ్యడం అనరు. 2022 మార్చ్ లో లండన్ హైకోర్టు తేల్చింది కూడా ఇదే. నిరసనకి ఉన్న హక్కునీ, రోగం వ్యాపించే ప్రమాదాన్నీ పక్కపక్కన పెట్టి తూచాల్సిన బాధ్యత పోలీసులది, ఆ పని వాళ్ళు చెయ్యలేదు, నిర్వాహకుల భావ ప్రకటనా హక్కునీ, గుమిగూడే హక్కునీ ఉల్లంఘించారు అంది. ఆ రోజు అరెస్టయిన ఇద్దరు ఆడవాళ్ళకి 2023 లో పోలీసు శాఖ పరిహారం కూడా కట్టింది.

రెండోది, కోవిడ్ లెక్కన చూసినా ఆ నిర్ణయం తప్పే. నిర్వాహకులు ఉంటే గుంపుని దూరం దూరంగా నిలబెట్టేవాళ్ళు, మాస్కులు చూసుకునేవాళ్ళు, టైమ్ అయ్యాక పంపించేవాళ్ళు. వాళ్ళని బెదిరించి తప్పించాక మిగిలింది ఎవరి అదుపూ లేని గుంపు. జనం ఎలాగూ వస్తారని తెలిసి కూడా బాధ్యత తీసుకునేవాళ్ళని తీసేస్తే రోగం తగ్గుతుందా?

మన భాషలో చెప్పాలంటే ఇది అథెంటికేషన్ సమస్య. సర్వర్ మన పాస్‌వర్డ్ అడుగుతుంది, ఓటీపీ అడుగుతుంది. కానీ అవతల ఉన్నది నిజంగా మన బ్యాంకేనా అని మనం కూడా చూసుకునే ఏర్పాటు ఉండాలి కదా, సర్టిఫికెట్ ఉన్నది అందుకే. ఇక్కడైతే సర్టిఫికెట్ అసలుదే, దాన్ని పట్టుకున్న మనిషే దొంగ. అలాంటప్పుడు యూజర్ కి అవేర్‌నెస్ ట్రైనింగ్ ఇచ్చి లాభం లేదు, ఆ సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళు రద్దు చెయ్యాలి.

రద్దు చెయ్యడానికి కారణాలు లేవా? బోలెడు. హత్యకి కొన్ని రోజుల ముందే, ఫిబ్రవరిలో, ఒక ఫాస్ట్‌ఫుడ్ డ్రైవ్ త్రూ లో ఇతను అసభ్యంగా ప్రవర్తించాడని ఫిర్యాదు వచ్చింది, కారు వివరాలతో సహా. 2015 లో కూడా అలాంటి ఫిర్యాదే ఉంది. లాగ్స్ లో అన్నీ ఉన్నాయి, చూసిన నాథుడు లేడు. అతను అసలు పోలీసు ఉద్యోగంలో ఉండకూడని మనిషి అని 2024 ఫిబ్రవరిలో లేడీ అంజొలీనీ విచారణ నివేదిక తేల్చింది.

మరి అప్పట్లో ఇచ్చిన సలహాలు చూడండి. ఒంటరిగా వచ్చిన పోలీసు మీద అనుమానం వస్తే అరవండి, ఎవరి తలుపైనా కొట్టండి, బస్సుని ఆపండి అన్నారు మెట్ పోలీసులు. నార్త్ యార్క్‌షైర్ పోలీస్ కమిషనర్ పదవిలో ఉన్నాయన, అరెస్టు ఎప్పుడు చెయ్యొచ్చో ఎప్పుడు చెయ్యకూడదో ఆడవాళ్ళే తెలుసుకోవాలి అని, పదవి పోగొట్టుకున్నాడు. బేడీలు పడ్డాక బస్సుని ఎలా ఆపుతారండీ? కాస్త బుర్ర పెట్టిన పని 2021 అక్టోబర్ లో జరిగింది. మఫ్టీ లో ఒంటరిగా ఉన్న పోలీసు ఎవరైనా ఆడమనిషిని ఆపితే, తనే కంట్రోల్ రూమ్ కి వీడియో కాల్ చేసి, యూనిఫామ్ లో ఉన్న అధికారి చేత తను ఎవరో చెప్పించాలి. రుజువు భారం పోలీసు మీద పడింది. నాకు నచ్చింది ఇది.

ఇప్పుడు మన దగ్గరకి రండి. 2019 నవంబర్ లో శంషాబాద్ దగ్గర దిశ ఘటన జరిగాక, ఆవిడ చెల్లెలికి కాకుండా 100 కి ఫోన్ చేసి ఉండాల్సింది అన్నారు అప్పటి తెలంగాణ హోం మంత్రి. అదే ప్రశ్న, ఇంకో ఊళ్ళో! 2020 లాక్‌డౌన్ లో చెక్‌పోస్టు దగ్గర ఆపితే మనం కంపెనీ ఐడి, లెటరు అన్నీ తీసి చూపించాం. ఆపినవాళ్ళ ఐడి అడిగినవాళ్ళు ఎంతమంది? అడిగితే మర్యాదగా చూపిస్తారనే నమ్మకం ఎంతమందికి ఉంది?

నిజానికి మన చట్టంలో కొంత ఏర్పాటు ఉంది. అరెస్టు చేసే పోలీసు పేరు స్పష్టంగా కనపడేలా పెట్టుకోవాలి. సూర్యాస్తమయం నించి సూర్యోదయం దాకా ఆడవాళ్ళని అరెస్టు చెయ్యకూడదు. తప్పని పరిస్థితి అయితే మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతితో, మహిళా పోలీసు అధికారే చెయ్యాలి. పాత సీఆర్పీసీ లోనూ ఉంది, 2024 జులై నించి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ లోనూ 43(5) గా ఉంది. రాత్రి క్యాబ్ లో తిరిగే ప్రతి అమ్మాయికీ ఇది తెలిసి ఉండాలి. కానీ తెలిసినంత మాత్రాన సరిపోదు. దాన్ని పాటించే పని పోలీసులది, పాటించేలా చూసే పని ప్రభుత్వానిది, పాటించకపోతే రోడ్డెక్కి అడిగే హక్కు మనది. ఆ మూడోది ఎప్పుడూ ఉండాలి, లాక్‌డౌన్ ఉన్నా సరే. నిజానికి లాక్‌డౌన్ లో మరీ ఉండాలి, ఎందుకంటే ఎవర్నైనా ఎక్కడైనా ఆపే అధికారం పోలీసులకి అప్పుడే ఎక్కువ ఉంటుంది.

కాబట్టి ఈసారి క్యాంటీన్ లో ఎవరైనా "ఆ టైమ్ లో ఆ అమ్మాయికి అక్కడేం పని" అంటే, నేను అడగబోయేది ఇది - "వాడి మీద అంతకు ముందు ఎన్ని ఫిర్యాదులున్నాయి? అవి ఎవరి టేబుల్ మీద ఆగిపోయాయి?" మీరూ అడిగి చూడండి. టాపిక్ ఎంత తొందరగా మారిపోతుందో!